పాత తూటా ఇత్తడి ఎక్కడ పగులుతుంది?

బ్రిటిష్ హయాంలో మన దేశంలోని సైన్యానికి వానాకాలం వస్తే ఒక తలనొప్పి ఉండేది. గుర్రపుశాలల దగ్గర నిల్వ ఉంచిన తూటాలు, పేల్చకుండానే, గుండును పట్టి ఉంచే సన్నటి మెడ దగ్గర బీటలువారేవి. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే పరిశోధకులు కారణం తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, గాలిలో తేమ, సాగదీసి చేసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తేనే బీట పడుతుంది. గుర్రాలను వదులుకోలేరు కాబట్టి, కాస్త వేడి చేసి బిగువు తీసేయడమే మందు అయింది.

తూటాలో మందునూ గుండునూ పట్టి ఉంచే గొట్టమే కేస్. దానికి వాడే ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. బ్రిటిష్ సైన్యపు పాత రైఫిల్ తూటా, కెనడాలో ఇప్పటికీ జింకల వేటకు వాడే .303 బ్రిటిష్‌దీ అదే లోహం. అక్కడ పేలిన పాత కేసుల్లో మందు, గుండు మళ్లీ నింపుకుంటారు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటనే నిషేధించింది, తూటా తయారీకి లైసెన్సు తప్పనిసరి.

పేలిన ప్రతిసారీ మెడ వ్యాకోచిస్తుంది, డై అనే ఉక్కు అచ్చు దాన్ని మళ్లీ పాత కొలతకు నొక్కుతుంది. అలా సాగీ నలిగీ ఇత్తడి గట్టిపడి పెళుసవుతుంది. పెంబర్తి ఇత్తడి పనివాళ్లు రేకు కొడుతూ మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తారే, ఇక్కడా అదే సూత్రం. మెడ, దాని కింది వాలు అయిన భుజం వరకే సుమారు 400 డిగ్రీల సెల్సియస్‌కు కొన్ని సెకన్లు వేడి చేస్తారు. ఎర్రగా మెరిసిందంటే ఎక్కువైనట్టే. అడుగు భాగానికి మాత్రం వేడి తగలకూడదు. చదరపు అంగుళానికి 49,000 పౌండ్ల దాకా పోయే ఒత్తిడిని మోయాల్సింది ఆ గట్టి అడుగే. అది మెత్తబడితే వేడి వాయువు వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి తన్నవచ్చు. వేడి చేయగానే నీళ్లలో ముంచేది వేడి కిందికి పాకకుండా ఆపడానికే. ఉక్కులా ఇత్తడి ముంచితే గట్టిపడదు.

.303కి అసలు జబ్బు మెడలో కాదు, అడుగులో. దాన్ని పేల్చే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లలో తూటా కూర్చునే చాంబర్లు వదులు, దాన్ని వెనక నుంచి మూసే బోల్టు వెనక వైపు బిగుస్తుంది. పేలినప్పుడు కేస్ గోడ అంచుకు సుమారు ఒక సెంటీమీటరు పైన సాగి పలచబడుతుంది. ప్రతిసారీ కేస్‌ను పూర్తిగా డైలో నొక్కితే మరింత తొందరగా పాడవుతుంది. అదే తుపాకీలో వాడేటప్పుడు మెడ మాత్రమే నొక్కడం మేలు. బయట మెరిసే ఉంగరం లాంటి గీత కనిపిస్తే అనుమానించాలి. కొన వంచిన సన్నటి తీగను లోపల గోడ వెంట పైకి లాగి చూడాలి. గాడిలో కొన చిక్కితే ఆ కేస్‌ను పారేయడమే. కేస్ పొడవు 56.44 మిల్లీమీటర్లు దాటితే కత్తిరించాలి, లేకపోతే మెడ చాంబర్ కొసకు ఇరుక్కుని ఒత్తిడి పెరుగుతుంది.

శుభ్రం చేయడంలోనూ మెలకువ కావాలి. అమ్మోనియా కలిసిన పాలిష్ పూస్తే గుర్రపుశాలను ఇంటికి తెచ్చుకున్నట్టే. సిట్రిక్ ఆమ్లం పర్వాలేదు, కానీ గంటల తరబడి నానబెడితే జింకు కరిగి గులాబీ మచ్చలు తేలతాయి. మందును అంటించే అడుగు బిళ్లను ప్రైమర్ అంటారు. సైనిక సరుకులో చాలావాటికి బెర్డన్ ప్రైమర్, అంటే కేస్ అడుగున నడిమధ్యన ఒక రంధ్రం బదులు పక్కన రెండు. పాత ప్రైమర్‌ను తోసే మామూలు పిన్ను పెడితే విరుగుతుంది.

అన్నింటికన్నా మోసకారి పాదరసం. పాదరసపు ఫల్మినేట్ ఉన్న పాత ప్రైమర్‌తో, పొగరాని మందుతో పేలిన కేస్ ఇత్తడిలోకి పాదరసం చొరబడుతుంది, పైకి ఏమీ కనిపించదు, కాల్చి మెత్తబరచినా బాగుపడదు. గుంపులోంచి ఒకదాన్ని తీసి మెడను పటకారుతో నొక్కండి. మంచి ఇత్తడి మెత్తగా వంగుతుంది. పుటుక్కున విరిగితే మొత్తం గుంపు తుక్కులోకే.