రేడియేషన్ బెల్టుల డేటా: సున్నా కనబడినంత మాత్రాన ఏమీ లేదని కాదు

వాన్ అలెన్ బెల్టుల (భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాల వలయాలు, లోపలిదొకటి బయటిదొకటి) డేటా మీద పని చేస్తానని తెలిసినప్పటి నుంచి బరంపురంలో నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. భయంతో వచ్చేవాళ్లు కొందరు, ఏదో కనిపెట్టేశామని గ్రాఫు పట్టుకొచ్చే ఎమ్మెస్సీ పిల్లలు కొందరు.

భయపడేవాళ్ల సంగతి ముందు చూద్దాం, తొందరగా అయిపోతుంది. "ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వెళ్తాయి, ఫోన్లు ఆపేయండి" అనే వాట్సాప్ మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. ఈసారి దానికి ఎవడో రేడియేషన్ బెల్టుల రంగుల బొమ్మ కూడా తగిలించాడు. పక్కింటి పిన్నిగారి అమ్మాయికి నెలలు నిండాయి, ఆవిడకి టెన్షన్ పట్టుకుంది. "బాబూ, దాని ఫోను ఆపేసి వరండాలో పెట్టాను, చాలదా?" అన్నారు. "లోపలే పెట్టండి పిన్నిగారూ, రాత్రి ఆసుపత్రికి ఫోన్ చెయ్యాల్సొస్తే ఎలా?" అన్నాను. లోపలి బెల్టు మామూలుగా మొదలయ్యేదే సుమారు వెయ్యి కిలోమీటర్ల పైన. దక్షిణ అట్లాంటిక్, బ్రెజిల్ వైపు మాత్రం ఇంకా కిందికి దిగుతుంది, అక్కడ కూడా ఇబ్బంది ఉపగ్రహాలకే, కింద మనుషులకి వాతావరణం అడ్డం ఉంది. పిన్నిగారిని తప్పు పట్టను. ఫైలిన్, తిత్లీ చూసిన ప్రాంతం మాది, హెచ్చరిక అంటే నమ్ముతాం. ఆ నమ్మకాన్ని వాడుకునేవాళ్ల మీదే నా కోపమంతా. బెల్టులు దాటితే మనిషి బతకడు, చంద్రుడి మీదికి వెళ్లడం అబద్ధం అనేవాళ్లకి ఒక్కటే మాట: అపోలో వాళ్లు వాటిని గంటల్లో దాటేశారు, అక్కడ కాపురం పెట్టలేదు.

ఇక అసలు అపోహ: ఉపగ్రహం పంపిన డేటా ఫైల్లో ఉన్న అంకే అంతరిక్షంలో ఉన్న రేడియేషన్ అనుకోవడం. పిల్లల సెమిస్టర్లు తినేస్తున్నది ఇదే.

ఈ బెల్టులు దొరికిందే ఒక తప్పుడు సున్నా వల్ల. 1958లో ఎక్స్‌ప్లోరర్-1లో వాన్ అలెన్ బృందం పెట్టిన గైగర్ కౌంటర్ (కణాల్ని లెక్కపెట్టే ట్యూబు) ఎత్తుకి వెళ్లినప్పుడల్లా సున్నా చూపించింది. పరికరం పాడైందా, పైన ఏమీ లేదా? అదే ఏడాది మార్చిలో ఎక్స్‌ప్లోరర్-3 టేప్ రికార్డర్‌తో వెళ్లింది, కక్ష్య మొత్తం లెక్కలు వచ్చాయి: కౌంట్ పెరుగుతూ పోయి, ఠక్కున సున్నా, మళ్లీ దిగేటప్పుడు ఎక్కువ. ఆ బృందంలోని మెక్‌ఇల్వైన్ అలాంటి ట్యూబునే ల్యాబులో గట్టి ఎక్స్‌రేల ముందు పెట్టి చూస్తే అదీ సున్నాయే చూపించింది. ఠాకురాణి జాత్రలో జనం తోసుకొస్తే గేటు దగ్గర తలలు లెక్కపెట్టేవాడు చేతులెత్తేసినట్టు, కణాలు మరీ ఎక్కువైపోయి ట్యూబు లెక్క మానేసింది.

దీనికి ఎదురు రకం కూడా ఉంది, లేనిది ఉన్నట్టు కనబడటం. లోపలి బెల్టులో బాగా శక్తి ఉన్న ప్రోటాన్లు పరికరం గోడల్ని చీల్చుకుని దూరి, ఎలక్ట్రాన్ ఛానెల్లో (ఎలక్ట్రాన్లని లెక్కపెట్టే గడిలో) కౌంట్లుగా పడతాయి. 2012లో వెళ్లిన నాసా జంట ఉపగ్రహాలు వాన్ అలెన్ ప్రోబ్స్ డేటాలో ఆ దొంగ కౌంట్లు తీసేసి చూస్తే, సుమారు 900 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దాటిన ఎలక్ట్రాన్లు లోపలి బెల్టులో కొలవదగ్గ స్థాయిలో లేవని 2015లో ప్రచురించారు. అంతకుముందు వాడిన మోడళ్లలో అవి దండిగా ఉండేవి! అంత అనుభవం ఉన్నవాళ్లనే తిప్పలు పెట్టిన విషయం ఇది, మన ప్రాజెక్టు గ్రాఫుని వదులుతుందా?

మొన్నొక కుర్రాడు పర్లాకిమిడి నుంచి బస్సెక్కి లాప్‌టాప్‌తో సహా వచ్చాడు. "సార్, నెగెటివ్ ఫ్లక్స్ ఉంటుందా?" అన్నాడు. ఫ్లక్స్ అంటే కణాల ప్రవాహం ఎంతుందో చెప్పే అంకె. ఫైల్ తెరిస్తే అక్కడక్కడ మైనస్ 1 పక్కన 31 సున్నాలంత అంకె. అది కొలత కాదు, ఆ క్షణానికి డేటా లేదని చెప్పే ఫిల్ వాల్యూ, ఈ డేటా వచ్చే సీడీఎఫ్ అనే రకం ఫైళ్లలో మామూలే. లాగ్ స్కేల్ మీద నెగెటివ్‌లు కనబడవు కాబట్టి గ్రాఫు ముచ్చటగా వచ్చింది, సగటు దగ్గరే గుట్టు బయటపడింది. ఎవరో మాడ్యులస్ తీసుకుంటే, అంటే మైనస్ గుర్తు తీసేస్తే సరిపోతుందని సలహా కూడా ఇచ్చారట. ఆ సలహా ఇచ్చినవాళ్లకి నమస్కారం. ఏ కొలతని నమ్మొచ్చో చెప్పే క్వాలిటీ ఫ్లాగ్ అనే కాలమ్ ఉంది బాబూ, ముందు అది చదువు అని చెప్పి, టీ తాగించి పంపాను.

స్క్రీన్‌షాట్లు పంచేవాళ్లతో ఇంకో తలనొప్పి. అమెరికా గోస్-ఈస్ట్ భూస్థిర ఉపగ్రహం గ్రాఫులో ఎలక్ట్రాన్లు రోజూ ఎక్కి దిగుతుంటాయి, ఉపగ్రహం ఉన్న చోట మధ్యాహ్నానికి ఎక్కువ, అర్ధరాత్రికి తక్కువ. భూమి అయస్కాంత క్షేత్రం సూర్యుడి వైపు నొక్కుకుని ఉండటమే కారణం. అది ఉన్నది 75 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర, అక్కడ మధ్యాహ్నమంటే మనకి రాత్రి పదిన్నర. అంతే, "రాత్రి పూట రేడియేషన్ పెరుగుతోంది, నాసా దాస్తోంది" అని పోస్టు తయారు.

దాచేది ఏమీ లేదు. వాన్ అలెన్ ప్రోబ్స్ 2019లో ఆగిపోయాయి, వాటి డేటా నాసా వెబ్‌సైటు సీడీఏవెబ్‌లో ఉచితం. ఫైలు పేర్లో వెర్షన్ నంబరు ఉంటుంది, సవరించినప్పుడల్లా మారుతుంది. అందుకే నాకు గ్రాఫు పంపేవాళ్లు కింద ఉపగ్రహం, పరికరం, ఛానెల్, ఎల్ విలువ (ఆ చోటి అయస్కాంత రేఖ భూమధ్యరేఖ మీద భూకేంద్రం నుంచి ఎన్ని భూ వ్యాసార్ధాల దూరంలో ఉందో చెప్పే అంకె), యూటీసీ సమయం, ఆ వెర్షన్ నంబరు రాసి పంపండి. ఇవి లేని స్క్రీన్‌షాట్ వస్తే నేను తెరవను కూడా తెరవను.