కాలువ చివరి మడి, గుండె లోపలి పొర

మెట్లెక్కితే ఛాతీ బరువెక్కుతున్నదనీ, ఈసీజీ, ఎకో బాగానే ఉన్నాయని చెప్పిన వైద్యులే ఇప్పుడు మందు ఎక్కించి గుండెకు ఎమ్మారై తీయాలంటున్నారనీ, కూర్చుంటే ఏ బాధా లేని మనిషికి అదెందుకనీ కోవూరు నుండి ఒక పాఠకుడు అడిగారు. జవాబు ఆయన పొలం గట్టు మీదనే ఉన్నది.

పెన్నా కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది తెలిసిన సంగతే. నీటి అవసరం తక్కువగా ఉన్న రోజులలో కాలువ సగం పూడినా చివరి మడికి తడి అందుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ రైతు తన తూమును ముందే పూర్తిగా ఎత్తి పెట్టుకొని ఉంటాడు. నాట్లు మొదలై అందరూ తూములు ఎత్తినప్పుడు మంచి కాలువల కింద నీరు పెరుగుతుంది గాని, అతనికి ఇంక ఎత్తడానికి తూము మిగిలి ఉండదు. గుండెలోనూ అంతే. ధమని ఇరుకైనకొద్దీ దాని దిగువనున్న సన్నని నాళాలు ముందుగానే విచ్చుకొని లోటును కప్పిపుచ్చుతాయి కనుక, ధమని వెడల్పు సుమారు 85 శాతం మూసుకుపోయేదాకా విశ్రాంతిలో రక్తప్రవాహం తగ్గదు. శ్రమ కలిగినప్పుడు మాత్రం 50 శాతం ఇరుకుకే లోటు బయటపడుతుంది.

ఆ లోటు మొదట తగిలేది గుండె కండరపు లోపలి పొరకు. ధమనులు గుండె పైభాగాన పరచుకొని లోపలికి దిగుతాయి కాబట్టి అది చివరి ఆయకట్టు. గుండె ముడుచుకున్నప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా నలిగేదీ అదే కనుక, దానికి రక్తం గుండె వదులైనప్పుడే, వంతు నీటిలాగా అందుతుంది. పక్కనే గుండె గదినిండా రక్తమున్నా, మైపాడు పొలానికి సముద్రంలాగా, అది దాదాపు ఉపయోగపడదు.

ఎమ్మారై గదిలో నాట్ల కాలాన్ని తెచ్చేది అడినోసిన్ అనే మందు. కిలో బరువుకు నిమిషానికి 140 మైక్రోగ్రాముల చొప్పున మూడు నాలుగు నిమిషాలు ఎక్కిస్తే అది అన్ని తూములనూ ఒక్కసారిగా ఎత్తిస్తుంది. కాఫీ, టీలలోని కెఫీన్ దీనికి అడ్డుపడుతుంది కనుక ముందురోజు నుండే అవి మానమంటారు. మన జిల్లాలో పరీక్ష మొత్తంమీద కష్టమైన భాగం ఇదేనని నా అనుమానం. ఛాతీలో బిగువు, ఆయాసం కలిగినా, రక్తంలో ఈ మందు పది సెకన్లలోపే సగానికి తగ్గిపోతుంది కాబట్టి, ఆపగానే సర్దుకుంటాయి.

అప్పుడు చిత్రంలో రక్తం జాడ తెలిపే గాడోలినియం అనే లోహం కలిసిన మందును ఎక్కిస్తారు. ఈ లోహపు అయానులో జంట కుదరని ఎలక్ట్రాన్లు ఏడు ఉన్నందువల్ల, చుట్టూ ఉన్న నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు రేడియో తరంగాల తాకిడి తరువాత తమ పూర్వస్థితికి త్వరగా చేరుకుంటాయి, అంటే వాటి టీ1 కాలం కుదించుకుపోతుంది. స్కానర్ ప్రతి గుండె స్పందనకూ ముందుగా ఆ కేంద్రకాల నుండి వచ్చే సంకేతాన్ని చెరిపివేసి, అతి స్వల్ప విరామంలో చిత్రం తీస్తుంది కనుక, గాడోలినియం చేరిన కండరం తెల్లగానూ, ఆలస్యంగా, కొద్దిగా చేరినది నల్లగానూ కనిపిస్తాయి. సరిగ్గా ఆ లోపలి అంచునే చిత్రీకరణ దోషం వల్ల కూడా ఒక నల్లని గీత కొన్ని స్పందనలపాటు మెరిసి మాయమవుతుంది. నిజమైన లోటు అంతకన్నా ఎక్కువసేపు నిలుస్తుంది.

మరొక మాట. శనిదోషం పోవడానికి గుర్రపునాడా ఉంగరం పెట్టుకొన్నవారు దానిని బయటనే తీసివేయాలి. 1.5 టెస్లా అయస్కాంతం భూమి అయస్కాంత క్షేత్రానికి ముప్పైవేల రెట్లకు పైన ఉంటుంది, అది ఇనుమును చూస్తుంది గాని దోషాన్ని చూడదు. గాడోలినియం ఎక్కిస్తారు కనుక, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఈ పద్ధతి ఎంతవరకు నమ్మదగినదంటే, 2019లో వెలువడిన ఎమ్మార్-ఇన్ఫార్మ్ అధ్యయనంలో 918 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈ ఎమ్మారైని, మరొక జట్టుకు ధమనిలోకి తీగ పంపి ఒత్తిడి కొలిచే పరీక్షను ఆధారంగా తీసుకొని చికిత్స చేశారు. ఏడాదిలో మరణం, గుండెపోటు వంటివి రెండింటిలోనూ దాదాపు సమానమే, 3.6 శాతం, 3.7 శాతం. స్టెంట్ లేదా బైపాస్ అవసరమైనవారు మాత్రం ఎమ్మారై జట్టులో 35.7 శాతం, రెండవ దానిలో 45 శాతం.

మరో పది నిమిషాలు ఆగి తీసే చిత్రంలో రంగుల అర్థం తారుమారవుతుంది. ఇదివరకు గుండెపోటుకు చచ్చి మచ్చకట్టిన కండరంలో గాడోలినియం నిలిచిపోయి, చవుడు తేలిన నేలలాగా తెల్లగా కనిపిస్తుంది. కండరపు మందంలో సగానికి మించి అలా తెల్లబడితే, కాలువను ఎంత బాగుచేసినా అక్కడి కదలిక తిరిగి వచ్చే అవకాశం తక్కువ.