ఆఫ్రికాలో విదేశీ సాయం అధికారి: అపోహలు - వాస్తవాలు

ఇథియోపియాలో ఆహార సాయం ప్రాజెక్టుల్లో పనిచేశాను. అక్కడ పెద్ద ఆఫీసర్ల ఉద్యోగం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూశాను. ఊరికి వచ్చినప్పుడల్లా నన్ను అడిగేవి ఇవే.

అపోహ: మిషన్ డైరెక్టర్ అంటే చేతికి ఎముక లేకుండా డబ్బు పంచే దొర.

వాస్తవం: అమెరికా ప్రభుత్వ విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్ ఉన్నన్నాళ్లూ, దాని తరఫున ఒక దేశంలో పెద్ద ఆయనే. అయినా అక్కడి అమెరికా రాయబారి మాట దాటలేకపోయేవాడు. ఏ పద్దుకు ఎంతో చాలావరకు వాషింగ్టన్‌లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ముందే రాసిపెట్టేది. హెచ్ఐవీకి వచ్చిన డబ్బును తాగునీటికి తిప్పుతానంటే కుదిరేది కాదు. రోజంతా సంతకాలు, ఆడిట్ జవాబులు, మంత్రులకు మర్యాదగా 'కాదు' అని చెప్పడం, ఇదే పనిగా ఉండేది.

అపోహ: డబ్బంతా అక్కడి ప్రభుత్వాల జేబులోకే.

వాస్తవం: నేరుగా ఖజానాకు వెళ్లేది తక్కువే. ఎక్కువ భాగం స్వచ్ఛంద సంస్థలు, కాంట్రాక్టు కంపెనీలు, ఐరాస సంస్థల ద్వారా ఖర్చయ్యేది. పైగా అమెరికా నుంచి పంపే ఆహారంలో కనీసం సగం ఆ దేశపు జెండా ఉన్న ఓడల్లోనే రావాలని చట్టం. వాటి కిరాయి ఎక్కువ. సాయం డబ్బులో కొంత అలా ఇంటికే చేరుతుందన్నమాట!

అపోహ: ఓడ నుంచి బస్తా దిగితే పని అయిపోయినట్టే.

వాస్తవం: అసలు టెన్షన్ అక్కడే మొదలు. ఇథియోపియాకు సముద్రం లేదు. గోధుమలు జిబౌటీ రేవులో దిగి, లారీల్లో కొండలెక్కాలి. గోడౌన్‌లో ఒక్కో బస్తాల దొంతరకు ఒక కార్డు వేలాడుతుంది: వచ్చినవి, పోయినవి, మిగిలినవి. కార్డుకూ లెక్కకూ తేడా వస్తే ముందు కింది వరస చూస్తాం. తడిసినవీ, చినిగితే మళ్లీ కుట్టినవీ అక్కడే దొరుకుతాయి. ఇక్కడ లెక్క సరిపోయినా, పంచాక ఆ గింజలే బజారులో తేలొచ్చు. 2023 జూన్‌లో గింజలు పెద్ద ఎత్తున పక్కదారి పడుతున్నాయని అమెరికా, ఐరాస వారి ప్రపంచ ఆహార కార్యక్రమం ఇథియోపియా అంతటా పంపిణీ ఆపేశాయి. అమెరికా సాయం దేశమంతా మళ్లీ మొదలయ్యేసరికి డిసెంబరు వచ్చింది. కాజేసింది ఒకరు, పస్తులున్నది మరొకరు. అన్ని నెలలు ఆపి ఉండకూడదనే ఇప్పటికీ అంటాను.

అపోహ: ఢోకా లేని సర్కారు కొలువు.

వాస్తవం: 1961లో కెనడీ హయాంలో పుట్టిన యూఎస్ఎయిడ్ 2025 జూలై 1న అమెరికా విదేశాంగ శాఖలో కలిసిపోయింది. చాలా పథకాలు అప్పటికే రద్దయ్యాయి. అధికారులు కొన్నేళ్లకోసారి బదిలీ అయ్యేవారు. కానీ ఊళ్లు, మనుషులు, భాష తెలిసిన స్థానిక సిబ్బంది అక్కడే ఉండేవారు. వాళ్ల ఉద్యోగాలూ పోయాయి.

"మా అబ్బాయి ఇలాంటి ఉద్యోగానికి పెట్టుకోవచ్చా?" అని అడిగేవారికి: అమెరికా ప్రభుత్వ విదేశీ సర్వీసుకు ఆ దేశ పౌరసత్వం తప్పనిసరి. ఐరాస సంస్థలకు మనవాళ్లూ దరఖాస్తు చేయొచ్చు. పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లాలనుకుంటే ఫ్రెంచ్ ఇప్పుడే మొదలుపెట్టమనండి.