స్పోర్ట్స్ కారు రీపెయింట్‌కి అంత ఖర్చెందుకు? అపోహలు - వాస్తవాలు

ఎస్టిమేట్ చేతిలో పెట్టగానే చాలామంది అడిగే మొదటి మాట, "రంగు డబ్బా ఎంతండీ?" అని. కంటికి కనిపించేది రంగే కాబట్టి డబ్బంతా దానికే పోతుందనుకోవడం సహజం. చాలా ఏళ్లుగా స్ప్రే గన్ పట్టుకుంటున్నవాడిగా చెబుతున్నాను, ఎస్టిమేట్‌లో పెద్ద వాటా లేబర్‌ది. అందులోనూ ఎక్కువ గంటలు గన్ చేతిలోకి తీసుకోకముందే అయిపోతాయి. విప్పడం, రుద్దడం, పుట్టీ పెట్టడం, మళ్లీ రుద్దడం, మాస్కింగ్ (రంగు పడకూడని చోట టేప్, కాగితం అంటించడం). స్పోర్ట్స్ కారైతే ఈ గంటలు ఇంకా పెరుగుతాయి. నేను తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

అపోహ: "చిన్న కారు కదా, ఖర్చు కూడా తక్కువే అవుతుంది."

పెయింట్ కొంచెం తక్కువ పడుతుంది, నిజమే. కానీ ఫ్యామిలీ కారు డోరు దాదాపు చదునుగా ఉంటుంది, మెషిన్ పెట్టి చకచకా రుద్దేయొచ్చు. స్పోర్ట్స్ కారుకు పక్కన గాలి పోయే నోళ్లు, ముందు బంపర్ కింద స్ప్లిటర్ అనే పలక, వెనక వింగ్, వెనక బంపర్ కింద డిఫ్యూజర్ అనే గాడుల ముక్క, బానెట్ మీద వెంట్లు ఉంటాయి. వాటి లోపలికి మెషిన్ పోదు. సాండ్ పేపర్‌ను వేలికి చుట్టుకుని రుద్దాలి. పదునైన అంచు దగ్గర పెయింట్ నిలవకుండా పక్కకు జారుతుంది, అక్కడ పొర పలచనవుతుంది. రుద్దేటప్పుడు కూడా ముందు తెగేది ఆ అంచే. తెగిందంటే ప్రైమర్, అంటే రంగు కింద వేసే పొర, దగ్గర నుంచి మళ్లీ మొదలు.

ఇంజన్ మధ్యలో ఉండే కార్లలో వెనక బంపర్ విప్పాలంటే సైలెన్సర్ గొట్టాలు, వేడి తగలకుండా పెట్టిన రేకులు కూడా కదపాల్సి రావచ్చు. లోటస్ ఎలీస్‌లో ముందు భాగమంతా ఒకే పెద్ద ముక్క, వెనక భాగమంతా ఇంకో ముక్క. మామూలు కారైతే ఒక ఫెండర్‌తో పోయే పని అక్కడ సగం కారు మీదకు పాకుతుంది.

అపోహ: "విప్పక్కర్లేదు, టేప్ వేసి కొట్టేస్తే సరిపోతుంది."

రెండు ఎస్టిమేట్ల మధ్య తేడా ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

ఒకసారి పసుపు రంగు కారొకటి వచ్చింది. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. డోర్ హ్యాండిల్ అంచు మీద గోటితో గీస్తే చిన్న గట్టులా తగిలింది. టేప్ వేసిన చోట పెయింట్ ఆగిపోయిన గీత అది. డోర్ రబ్బరు కొంచెం పైకి లేపితే కింద పాత ఎరుపు. ఆ గీత దగ్గర పెయింట్ అప్పటికే లేస్తోంది. గట్టిగా నీళ్లు కొట్టి కడిగిన ప్రతిసారీ ఇంకాస్త లేస్తుంది. ఓనరు అప్పటికే ఒకసారి పూర్తి డబ్బు కట్టాడు. ఇప్పుడు ఆ పెయింట్ తీయడానికి మళ్లీ కట్టాలి.

హ్యాండిళ్లు, అద్దాలు, లైట్లు, బ్యాడ్జీలు, రబ్బర్లు విప్పితే పెయింట్ అంచు వాటి కిందకు వెళ్లి దాక్కుంటుంది. నీళ్లకు చోటు దొరకదు. విప్పి బిగించడానికే రోజులు పడతాయి, ఒకసారి తీశాక పనికిరాని క్లిప్పులు కొత్తవి వేయాలి. కారు రంగే మార్చాలనుకుంటే డోరు లోపలి అంచులు, డిక్కీ లోపల, ఇంజన్ బే కూడా లెక్కలోకొస్తాయి. అందుకే రంగు మార్పిడి ఖర్చుకూ, అదే రంగు మళ్లీ వేయించే ఖర్చుకూ పొంతన ఉండదు. ఏ ఎస్టిమేట్ తీసుకున్నా, ఏయే భాగాలు విప్పుతారో అందులో రాసివ్వమనండి.

అపోహ: "పాత పెయింట్ మీదే ఇంకో కోటు వేస్తే ఖర్చు తగ్గుతుంది."

పాత పెయింట్ ఆరోగ్యంగా ఉంటే వేయొచ్చు. ఫ్యాక్టరీ పెయింట్ అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. అంటే సుమారు రెండు వెంట్రుకల మందం. థిక్‌నెస్ మీటర్ పెట్టి చూస్తే కారు చరిత్ర బయటపడుతుంది. అన్ని చోట్లా 120 చూపించి, ఒక్క ఫెండర్ మీద 400 చూపిస్తే అక్కడ ముందే ఒకసారి పని జరిగిందని అర్థం. వెయ్యి దాటితే కింద పుట్టీ ఉందన్నట్టే.

అలా మందమెక్కిన చోట ఇంకో పొర ఎక్కిస్తే తర్వాత పగుళ్లొస్తాయి. కాబట్టి రేకు దాకా తీసి మొదలుపెట్టాలి. ఆ "తీయడం" అనే ఒక్క లైనే కొన్నిసార్లు ఎస్టిమేట్‌ను రెట్టింపు దగ్గరకు తీసుకెళ్తుంది. మీటర్ పెట్టి చూడకుండా ఫోన్‌లో రేటు చెప్పమంటే నేను చెప్పలేను.

అపోహ: "బాడీ దేనితో చేసినా పెయింట్ పని ఒకటే."

షెవర్లే కార్వెట్ 1953లో మొదలైనప్పటి నుంచి దాని బాడీ ప్యానెళ్లు స్టీలువి కావు, ఫైబర్‌గ్లాస్ తరహావి. హోండా ఎన్ఎస్ఎక్స్ 1990లో అల్యూమినియం బాడీతో వచ్చింది. ఆడి ఆర్8 బాడీలోనూ అల్యూమినియమే ఎక్కువ. వీటిలో ఒక్కోదాని పద్ధతి ఒక్కోటి.

స్టీలు రుద్దిన పేపర్‌తో అల్యూమినియం రుద్దకూడదు. స్టీలు రజను అందులో ఇరుక్కుంటే తడి తగిలినప్పుడు అల్యూమినియం తినేసుకుపోయి, పెయింట్ కింద బొబ్బలు లేస్తాయి. అందుకే పనిముట్లు వేరు, పని చేసే చోటూ వేరు. ఫైబర్‌గ్లాస్ మీద మామూలు పెయింట్ రిమూవర్ పూస్తే అది ఫైబర్‌ను పట్టి ఉంచే రెజిన్‌నూ మెత్తబరుస్తుంది. అక్కడ ఓపిగ్గా చేత్తో రుద్దాల్సిందే. దాంట్లో సూది మొనంత రంధ్రాలుంటాయి. వాటిని ముందే పూడ్చకపోతే పెయింట్ కొట్టి ఆరబెట్టే మూసిన గది, అంటే బూత్, వేడికి లోపలి గాలి ఉబ్బి, రంగు మీద వేసే పారదర్శకమైన మెరిసే పొర, అంటే క్లియర్ కోట్, మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. ప్లాస్టిక్ బంపర్‌కైతే పెయింట్ పట్టడానికి వేరే ప్రైమర్ కావాలి. మామూలు థిక్‌నెస్ మీటర్ ఫైబర్ మీదా ప్లాస్టిక్ మీదా పనిచేయదు, అల్ట్రాసోనిక్‌ది కావాలి.

అపోహ: "ఏ రంగైనా రేటు ఒకటే. కలర్ కోడ్ ఉంటే మ్యాచింగ్ గ్యారంటీ."

ప్లెయిన్ తెలుపు, నలుపు వేరు. మెటాలిక్ వేరు. ముత్యంలా మెరిసే మూడు పొరల పెర్ల్ పూర్తిగా వేరే లోకం. మాజ్డా సోల్ రెడ్ క్రిస్టల్ తీసుకోండి. కింద వెలుగును వెనక్కి కొట్టే పొర, దాని మీద వెలుగు దూరిపోయే ఎరుపు పొర, పైన క్లియర్. మధ్య పొర ఒక్క కోటు ఎక్కువైతే రంగు ముదిరిపోతుంది. అందుకని ముందు టెస్ట్ కార్డుల మీద ఒక కోటు, రెండు కోట్లు, మూడు కోట్లు వేసి ఆరబెట్టి, కారు పక్కన ఎండలో పట్టుకుని చూస్తాం. కారు మీద చుక్క పడకముందే ఒక పూట దానికే పోతుంది. ప్రకాశవంతమైన ఎరుపు, పసుపు రంగులు కింద ఉన్నదాన్ని సరిగ్గా కప్పవు. వాటి కింద తగిన షేడ్‌లో ఇంకో పొర వేసుకోవాలి.

కోడ్ మనకు ఇచ్చేది మొదలు మాత్రమే. ఒకే కోడ్‌కు కంపెనీలోనే కొద్దిపాటి తేడాలతో షేడ్లు ఉంటాయి, పైగా ఎండకు వెలిసిన కారు దాని సొంత షేడ్‌కు చేరుకుని ఉంటుంది. మెటాలిక్‌లో గన్ ఎంత దూరంలో పట్టుకున్నాం, గాలి ఎంత పెట్టాం అన్నదాన్ని బట్టి కూడా మెరుపు మారిపోతుంది. అందుకే బంపర్ ఒక్కటే దెబ్బతిన్నా పక్కనున్న ఫెండర్ల మీదకు రంగును పలచగా కలుపుకుంటూ వెళ్లి, వాటి మీద పూర్తిగా క్లియర్ వేస్తాం. "దెబ్బతగలని ఫెండర్‌కి బిల్లు వేశారేంటి" అని కోప్పడేవాళ్లకు నేను కారును ఎండలోకి తీసుకెళ్లి చూపిస్తాను. కలపకపోతే ఆ తేడా మీకు రోజూ కనిపిస్తుంది.

అపోహ: "బూత్ ఎందుకు, బయట కొట్టినా అంతే."

బూత్‌లో గాలి పైనుంచి వడకట్టి దిగి కింద నుంచి బయటకు పోతుంది. తర్వాత సుమారు 60 డిగ్రీల వేడిలో ఆరబెడతాం. ఫ్యాక్టరీలో ఖాళీ బాడీని 140 డిగ్రీలు, అంతకు మించి కూడా కాలుస్తారు. పూర్తయిన కారును అలా కాల్చలేం, లోపల వైరింగ్, ప్లాస్టిక్ ఉంటాయి. అందుకే తక్కువ వేడికే గట్టిపడేలా హార్డెనర్ అనే రసాయనం కలిపే పెయింట్ వాడతాం.

ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం తెప్పిస్తాయి, ఒకసారి ఒంటికి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. బయటి నుంచి మంచి గాలి పంపే మాస్క్ ఉండాలి, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆగేవి కావు. మరీ తక్కువ రేటు ఎవరైనా చెబితే, అక్కడ గన్ పట్టుకునే కుర్రాడి ముఖానికి ఏముందో ఒకసారి చూడండి. నాకు ఈ విషయంలో బేరం నచ్చదు.

అపోహ: "నాలుగు రోజుల్లో ఇచ్చేవాడే పనిమంతుడు."

మొదట్లో నేనూ ఒక నల్ల కారు హడావిడిగా ఇచ్చేశాను. డెలివరీ రోజు ట్యూబ్‌లైట్ నీడ బానెట్ మీద గీత గీసినట్టు నిటారుగా కనిపించింది. నెల తిరిగేసరికి అదే బానెట్ మీద సన్నటి సాండ్ పేపర్ గీతలు తేలాయి. ప్రైమర్ పూర్తిగా ఆరకముందే రుద్దాను. ఆరేకొద్దీ అది కుంగి, మీద ఉన్న క్లియర్‌ను తనతో పాటు లాగేసుకుంది. బానెట్ మొత్తం మళ్లీ చేసిచ్చాను. అప్పటి నుంచి ప్రైమర్‌కు దాని టైం దానికి ఇస్తున్నాను, ఎవరు ఎంత టెన్షన్ పెట్టినా సరే.

అపోహ: "కొత్త పెయింట్ వేయిస్తే కారు విలువ పెరుగుతుంది."

అరుదైన స్పోర్ట్స్ కార్లలో తరచూ దీనికి తిరగబడిన లెక్కే ఉంటుంది. కొనేవాళ్లు మీటర్ తెచ్చుకుని, ఫ్యాక్టరీ పెయింట్ ఉందా లేదా అని వెతుకుతారు. అందుకని వెలిసినట్టుంది, గీతలున్నాయి అని వచ్చిన కారును ముందు కడిగించి, గీత మీద గోరు ఆనించి చూస్తాను. గోరు ఆగకపోతే అది ఎక్కువగా క్లియర్ పై భాగంలోనే ఉంటుంది. క్లియర్ మందం సుమారు 40, 50 మైక్రాన్లు, జాగ్రత్తగా పాలిష్ చేస్తే పోయేది కొన్ని మైక్రాన్లే. అలాంటి కారును బూత్‌లోకి తీసుకోను. పాలిషింగ్‌కి పంపి, రీపెయింట్ ఎస్టిమేట్ పక్కన పెట్టేస్తాను.