ఎక్స్ఛేంజ్ అప్‌గ్రేడ్: “ఆదివారం రాత్రి ఎక్కించేస్తే సరిపోతుంది కదా?”

కంపెనీల మెయిళ్లు నడిపే మైక్రోసాఫ్ట్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజ్ గురించి మొన్న మళ్లీ అదే ఫోన్. “మా దగ్గర ఎక్స్ఛేంజ్ 2016 ఉందండీ. ఆదివారం రాత్రి దాని మీద కొత్త వెర్షన్ ఎక్కించేస్తే సోమవారం పొద్దున్నకి రెడీ కదా?” ఈ పనిలో డబ్బునీ నిద్రనీ ఎక్కువగా తినే అపోహ ఇదే. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: పాత సర్వర్ మీదే కొత్త సెటప్ నడిపితే చాలు

చాలదు. 2016 మీద 2019 గానీ, దాని తర్వాతి వెర్షన్ అయిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ గానీ ఎక్కదు. పక్కన ఇంకో సర్వర్ పెట్టి, అందులో కొత్త విండోస్, కొత్త ఎక్స్ఛేంజ్ వేయాలి. కొన్నాళ్లు రెండూ కలిసి నడవాలి. మెయిల్‌బాక్సులన్నీ అటు తరలించాకే పాతదాన్ని తీయాలి. మరి ఈ పుకారు ఎక్కడిది? ఎక్స్ఛేంజ్ 2019 వెర్షన్‌లో సీయూ14 లేదా సీయూ15 (సీయూ అంటే క్యుములేటివ్ అప్‌డేట్) మీద ఉన్నవాళ్లు సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కి అక్కడికక్కడే మారిపోవచ్చు. వాళ్లను చూసి అందరూ “పక్క కంపెనీలో ఒక్క పూటలో అయిపోయిందట” అంటారు. పక్క కంపెనీలో ఏ వెర్షన్ ఉందో ఒక్కరూ అడగరు!

ఇంకా పాతవాళ్లకి దారి ఇంకా పొడుగు. 2010 ఒక్కటి మిగిలి ఉన్నా 2019 సెటప్ ముందుకు కదలదు. ముందు 2016కి వచ్చి, 2010ని పూర్తిగా తీసేయాలి.

అందరూ మర్చిపోయేది లాగ్ డ్రైవ్, అంటే డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ నమోదయ్యే లాగ్ ఫైళ్లు ఉండే డ్రైవ్. ఒకసారి నేనూ మర్చిపోయాను. మెయిల్‌బాక్సులన్నీ కలిపి 380 జీబీ, కొత్త సర్వర్‌లో లాగ్ డ్రైవ్ 120 జీబీ. శుక్రవారం రాత్రి అన్నిటికీ ఒకేసారి మూవ్ రిక్వెస్ట్ (తరలించమనే ఆదేశం) ఇచ్చేసి ఇంటికెళ్లిపోయాను. అటు కాపీ అయ్యేదంతా ట్రాన్సాక్షన్ లాగ్‌లోనూ పడుతుంది. పది జీబీ మెయిల్‌బాక్సుకి ఇంచుమించు పది జీబీ లాగ్, ఒక్కొక్కటీ 1 ఎంబీ ఫైలుగా. బ్యాకప్ తీస్తే గానీ అవి ఖాళీ కావు. తెల్లవారుజామున మూడింటికి డ్రైవ్ నిండిపోయి డేటాబేస్ డిస్మౌంట్ అయింది, అంటే ఆగిపోయింది. అప్పటికే అటు మారిపోయిన పన్నెండు మందికి ఉదయం దాకా మెయిల్ లేదు. ఇప్పుడు ఇరవై మెయిల్‌బాక్సుల చొప్పున తరలిస్తాను, మధ్యలో బ్యాకప్ తీస్తాను. పని రెండు వారాలు పట్టనీ.

ఇంకోటి. కొత్త ఎక్స్ఛేంజ్ ఇన్‌స్టాల్ అవుతూనే ఆటోడిస్కవర్ (అవుట్‌లుక్ తన మెయిల్ సర్వర్‌ని వెతుక్కునే పద్ధతి) కోసం తన పేరున్న యూఆర్ఎల్‌ని యాక్టివ్ డైరెక్టరీలో (కంపెనీ యూజర్లు, కంప్యూటర్ల జాబితాలో) రాసేసుకుంటుంది. ఒక్క మెయిల్‌బాక్సూ కదలకముందే జనం అవుట్‌లుక్‌లో సర్టిఫికెట్ హెచ్చరికలు మొదలవుతాయి. ఇన్‌స్టాల్ ఆఫీసు వేళల్లో వద్దు. అయిన వెంటనే ఆ యూఆర్ఎల్ మార్చండి.

అపోహ: మెయిల్స్ పోతాయి

ఈ భయం ఉన్నవాళ్ల మీద నాకు విసుగు రాదు. పదేళ్ల ఉత్తరప్రత్యుత్తరాలు ఒకే చోట ఉంటే ఎవరికైనా టెన్షనే. తరలింపు నడుస్తున్నంతసేపూ అసలు మెయిల్‌బాక్సు పాత చోటే ఉంటుంది, మీరు పని చేసుకుంటూనే ఉంటారు. చివర్లో ఒక్కసారి మారి, అవుట్‌లుక్ మూసి తెరవమంటుంది, అంతే. ముందే పాడైపోయిన ఐటెమ్‌లు ఉంటే అవి అటు రాకపోవచ్చు. ఎన్నింటిని వదిలేయాలో చెప్పేది అడ్మినే. ఏవి వదిలేసిందో రిపోర్ట్‌లో ఉంటుంది, అడిగి చూడండి.

అపోహ: బాగానే నడుస్తోంది, ఫైర్‌వాల్ కూడా ఉంది

2016కీ 2019కీ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 2021 మార్చిలో ఎక్స్ఛేంజ్‌లోని లోపాల మీద ప్రాక్సీలాగన్ అనే దాడులు వచ్చింది వెబ్ మెయిల్ కోసం మనమే తెరిచిపెట్టిన 443 పోర్టు గుండానే. ఫైర్‌వాల్ చూస్తూ ఊరుకుంది.

అపోహ: మెయిల్‌బాక్సులు మారాయి, పాతదాన్ని ఆపేయొచ్చు

ఒక చోట అలాగే ఆపేశారు. మూడో రోజు అకౌంట్స్ నుంచి “స్కాన్ చేసినవి మెయిల్‌కి రావట్లేదు” అని కబురు. స్కానర్‌లో ఎవరో ఎప్పుడో పాత సర్వర్ ఐపీ కొట్టి వదిలేశారు. ఆపే ముందు పాత సర్వర్‌లో రిసీవ్ కనెక్టర్ (బయటి నుంచి మెయిల్ అందుకునే భాగం) లాగింగ్ ఆన్ చేసి, ఇంకా ఎవరు పలకరిస్తున్నారో ఒక వారం చూడండి. ఆ తర్వాత కూడా ప్లగ్ పీకేయడం కాదు, అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. ఆర్బిట్రేషన్ మెయిల్‌బాక్సులు (ఎక్స్ఛేంజ్ తన సొంత పనులకి వాడుకునేవి) అక్కడే ఉండిపోతే అన్‌ఇన్‌స్టాల్ మొరాయిస్తుంది, వాటినీ ముందే అటు తరలించండి.