ఆటిజం ముదిరిందా, మందు ఎక్కువైందా?

ఫ్రెంచ్ నటి సాండ్రిన్ బోనేర్ ఆటిజం ఉన్న తన చెల్లెలు సబీన్ గురించి 2007లో ఒక డాక్యుమెంటరీ తీశారు. పాత ఇంటి వీడియోల్లో సబీన్ పియానో వాయిస్తుంది, చలాకీగా తిరుగుతుంది. ఐదేళ్లు మానసిక వైద్యశాలలో ఉండి వచ్చాక ఆమె దాదాపు 30 కిలోలు బరువెక్కింది. చొంగ కారుతుంటుంది, అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడుగుతుంది.

ఇలాంటి మార్పు చూడగానే చాలామంది "ఆటిజం ముదిరింది" అనేస్తారు. ఆటిజం చిన్నప్పటి నుంచే ఉండేది, ఎదుగుదలకు సంబంధించినది. ముప్పై ఏళ్ల మనిషికి వచ్చిన విద్యలన్నీ పోతుంటే, దానికి వేరే కారణం వెతకాల్సిందే. పాత వీడియో ఇక్కడ వైద్య సాక్ష్యం. ఇవాళే తొలిసారి చూస్తున్న డాక్టరుకు ఆ మనిషి ఒకప్పుడు ఏమేం చేయగలిగేదో ఇంకెలా తెలుస్తుంది?

ముందుగా అనుమానించాల్సినవి యాంటీసైకోటిక్ మందులు, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకు, ఉద్రేకానికి ఇచ్చేవి. ఇవి ఆటిజాన్ని తగ్గించవు. అమెరికాలో 2006లో వీటిలో ఒకటైన రిస్పెరిడోన్‌కు అనుమతి ఇచ్చింది కూడా ఆటిజం ఉన్న పిల్లల్లో తీవ్రమైన చికాకు, దాడి, తమను తాము గాయపరుచుకోవడం వంటి వాటికే. 2002లో అచ్చయిన పరీక్షలో ఈ మందు వాడిన పిల్లలు 8 వారాల్లో సగటున 2.7 కిలోలు పెరిగారు; మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు 0.8 కిలోలు. అదే మందు ఏళ్ల తరబడి, పైగా మరో రెండు మందులతో కలిపి ఇస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఈ మందుల దుష్ప్రభావాల్లో అన్నిటికన్నా మోసం చేసేది అకథీషియా, అంటే కుదురుగా ఉండలేకపోవడం. మనిషి కూర్చోలేడు, నిలబడలేడు. ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి ఒరుగుతూ గదంతా తిరుగుతాడు. లోపల భరించలేనంత అలజడి, అది చెప్పడానికి మాట ఉండదు. చూసేవాళ్లు ఉద్రేకం అనుకుని డోసు పెంచుతారు. అలజడి ఇంకా పెరుగుతుంది. మందు మొదలుపెట్టిన, లేదా డోసు పెంచిన కొద్ది రోజులకో వారాలకో ఇది వచ్చిందా అన్నది తేదీలు చూస్తే తెలిసిపోతుంది. కదలిక బాగా మందగించి, అడుగు మధ్యలో బిగుసుకుపోతుంటే అది కెటటోనియా అనే వేరే స్థితి కావచ్చు. యాంటీసైకోటిక్ మందులు దాన్ని మరింత ప్రమాదకరం చేయగలవు.

మందు రాసేముందే చూడాల్సింది నొప్పి. పన్ను, చెవి, మలబద్ధకం, ఛాతీలో మంట: తల గోడకు కొట్టుకోవడం వెనక తరచూ వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. రెండు వారాలు ఒక కాగితం మీద రాయండి: గొడవకు ముందు ఏం జరిగింది, ఏం చేశారు, తర్వాత ఏమైంది, నిద్ర ఎంత, విరేచనం అయిందా, ఏ మందు ఎంత. ఊహ కన్నా ఈ కాగితం వెయ్యి రెట్లు నయం.

మందు తగ్గించాలంటే డాక్టరు పర్యవేక్షణలోనే, ఒకసారి ఒక్క మందే, మెట్టుమెట్టుగా. ఏళ్లుగా వాడుతుంటే నెలలు పడుతుంది. ఉన్నట్టుండి ఆపితే నిద్ర పట్టదు, వాంతులవుతాయి, మూతి, నాలుక వాటంతటవే కదలవచ్చు. డోసు తగ్గించిన మూడో రోజు గొడవ పెరిగితే పాత సమస్య తిరిగొచ్చిందని వెంటనే తేల్చేయకూడదు. అది మందు తగ్గినందుకు శరీరం చేస్తున్న అల్లరి కావచ్చు. అలాంటప్పుడు డాక్టరుతో మాట్లాడి ఆ మెట్టు మీదే కొన్నాళ్లు ఆగడం, తర్వాతి మెట్టును ఇంకా చిన్నది చేయడం మంచిది.