మంచుకి తట్టుకునే తాటి చుట్టాలు

ప్లేనో, టెక్సాస్,
ఫిబ్రవరి చివరి వారం

చిన్నూకీ, బుజ్జికీ,

మొన్న ఆదివారం మీ కొత్త ఇంటి పెరడు చూసి వచ్చినప్పటి నుంచీ నా మనసు అక్కడే తిరుగుతోంది. బిల్డర్ పరిచిన గడ్డి, చుట్టూ చెక్క కంచె, అంతే. నీడకి ఒక్క చెట్టు లేదు. బుజ్జి నా చెయ్యి పట్టుకుని "అమ్మమ్మా, ఇక్కడ కొబ్బరిచెట్టు వేద్దామా, మీ ఊళ్ళోలాగా" అని అడిగింది. నేను సరేనని తలూపి వచ్చేశాను. అలా ఊపకుండా ఉండాల్సింది. డల్లాస్ పక్కనున్న మీ ఫ్రిస్కో చలికి కొబ్బరి బతకదు. తాటి కూడా అంతే. కానీ వాటి చుట్టాలు కొన్ని ఉన్నాయి, మంచు కురిసినా పచ్చగా నిలబడతాయి. మీ పెరట్లో వేయాల్సినవి అవి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతారని కూర్చుని రాస్తున్నాను. తెలియని మాట వస్తే అమ్మని అడగండి.

అన్నిటికంటే ముందు మీరు మొవ్వు గురించి తెలుసుకోవాలి.

నా పుట్టిల్లు అమలాపురం దగ్గర. కొబ్బరితోటల మధ్యే పెరిగాను. మా నాన్నగారు తోటలో అడుగు పెట్టగానే తల పైకెత్తి, కాయల కంటే ముందు మొవ్వు చూసేవారు. చెట్టు నడినెత్తిన, మట్టలన్నిటి మధ్యలోంచి, ఇంకా విచ్చుకోకుండా ఈటెలా నిటారుగా లేచే లేతాకు ఉంటుంది చూడండి, అదీ, దాని అడుగున దాగి ఉండే మెత్తటి భాగమూ కలిపి మొవ్వు. మామిడి కొమ్మ నరికితే పక్కనుంచి ఇంకోటి చిగురిస్తుంది. కొబ్బరికి, తాటికి ఆ వీలు లేదు. ఆకు వచ్చినా, గెల వచ్చినా ఆ ఒక్క చోటు నుంచే రావాలి. మొవ్వు పోతే ఎంత ఎత్తు మానైనా మోడే. మొవ్వుకుళ్ళు పట్టిన చెట్టు కనబడిన రోజు మా నాన్నగారు అన్నం సరిగ్గా తినేవారు కాదు. ఈ జాతి చెట్లకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వేపకో మామిడికో మాను మీద దెబ్బ తగిలితే బెరడు మెల్లగా కప్పుకుంటూ వచ్చి గాయం పూడుతుంది. వీటికి అలా పూడ్చే పొరే లేదు. గడ్డి కోసే మిషన్ తగిలి చెక్కు లేచిందంటే ఆ గాయం చెట్టున్నన్నాళ్ళూ అలాగే ఉంటుంది. చిన్నూ, ఇది నీకోసమే రాస్తున్నాను, లాన్ కోసేది నువ్వే కదా.

కాబట్టి చలి వచ్చి వెళ్ళాక మనం చూసుకోవాల్సింది ఒకటే, మొవ్వు బతికిందా లేదా అని. అది బతికుంటే ఆకులన్నీ మాడిపోయినా చెట్టు తిరిగి లేస్తుంది.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో దొరకలేదు. మేం ఈ ఇల్లు కొన్న కొత్తలో ఒక నర్సరీకి వెళ్తే వాషింగ్టోనియా అనే చెట్టు చూపించి, డల్లాస్‌లో దీనికి ఢోకా లేదన్నారు. పొడుగ్గా, తల మీద విసనకర్రల్లాంటి ఆకులతో అచ్చం మన తాటిచెట్టే. తాతయ్య, నేను ముచ్చటపడి రెండు తెచ్చి ముందు వాకిట్లో అటూ ఇటూ వేశాం. ఏడెనిమిదేళ్ళు బ్రహ్మాండంగా పెరిగాయి. తర్వాత 2021 ఫిబ్రవరి వచ్చింది. చిన్నూకి గుర్తుండే ఉంటుంది, మీ ఇంట్లో కరెంటు పోతే మీరంతా మా దగ్గరికొచ్చి ఫైర్‌ప్లేస్ ముందు దుప్పట్లేసుకుని పడుకున్నారు. 16వ తేదీ పొద్దున డల్లాస్ ఎయిర్‌పోర్టు దగ్గర మీ లెక్కలో మైనస్ 2 ఫారెన్‌హీట్, నా లెక్కలో మైనస్ 19 సెల్సియస్. 1949 తర్వాత ఇక్కడ అంత చలి పడలేదు. అయిదారు రోజుల పాటు నేల మీద గడ్డకట్టిన నీళ్ళు కరగనే లేదు.

మార్చి నెలాఖర్లో నిచ్చెన వేసుకుని ఎక్కాను. తాతయ్య కింద నిచ్చెన పట్టుకున్నారు. మొవ్వాకుని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగాను. ఏ పట్టూ లేకుండా జారి చేతిలోకి వచ్చేసింది. మొదలంతా గోధుమరంగుకి తిరిగి, జిగటగా, పులిసి చెడిపోయిన పిండి వాసన కొడుతోంది. రెండో చెట్టూ అంతే. దిగి వచ్చి చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాను.

అదే ఇంటి వెనక పెరట్లో, ఓక్ చెట్టు కింద, ఎప్పుడో ఒక మూల నాటేసి వదిలేసిన పొట్టి పాల్మెటో అనే తాటి చుట్టం ఉంది. దానికి ఒక్క ఆకు చివరైనా మాడలేదు. దక్షిణం వైపు గోడ దగ్గర వేసిన విండ్‌మిల్ పామ్ అనే ఇంకో చుట్టానికి ఆకులన్నీ మాడాయి, మొవ్వాకు కూడా ఊడొచ్చింది. చచ్చిపోయిందనే అనుకున్నాం. తాతయ్య రంపం కూడా తెచ్చారు. జూన్ దాకా ఆగుదామని నేను అడ్డం పడ్డాను. జూన్ రెండో వారంలో ఒకరోజు పొద్దున్నే చూస్తే, మాడిన మట్టల మధ్యలోంచి బొటనవేలంత పచ్చటి ముక్క. చివర ఎవరో కత్తిరించినట్టు మొద్దుగా ఉంది, ఎందుకంటే అది లోపల ఉండగానే పై భాగం చలికి పోయింది. మొవ్వాకు పోయినా అడుగున మెత్తటి భాగం బతికే ఉందన్నమాట. దాని వెనక వచ్చిన ఆకులు మామూలుగానే వచ్చాయి. ఆ చెట్టు ఇప్పుడు గోడెత్తు దాటింది.

నర్సరీ వాళ్ళు చూపించే జోన్ అంకె గురించి కూడా చెప్పాలి. ఏడాదిలో అన్నిటికంటే చల్లటి రాత్రి ఎంత చలి పడిందో చాలా ఏళ్ళకి లెక్కగట్టి, సగటు తీసి అమెరికా వ్యవసాయశాఖ వేసిన మ్యాప్ అది. మనది జోన్ 8, అంటే 10 నుంచి 20 ఫారెన్‌హీట్. సగటు అన్నాక దానికంటే కింద పడే రాత్రులూ ఉంటాయి. 2021లో వచ్చిన చలి జోన్ 6ది. కాబట్టి చెట్టు కొనేటప్పుడు అట్ట మీద 8 అని చూసి సంబరపడకండి. మైనస్ 2 వస్తే నువ్వు ఉంటావా అని ఆ చెట్టుని అడగండి.

ఉంటాను అని చెప్పేవి నాకు తెలిసి ముఖ్యంగా రెండు. ఒకటి ఇందాక చెప్పిన పొట్టి పాల్మెటో, సబాల్ మైనర్. ఇది టెక్సాస్ గడ్డ మీద పుట్టిందే. ఉత్తరాన ఓక్లహోమాలోని మెక్‌కర్టెన్ కౌంటీ అడవుల్లో కూడా తనంతట తాను పెరుగుతుంది. దాని కిటుకేమిటంటే మాను భూమిలోపలే ఉంచుకుంటుంది. మొవ్వు మట్టి వెచ్చదనంలో పడుకుని ఉంటే పైన మంచు ఏం చేస్తుంది? రెండోది నీడిల్ పామ్, నేను సూదితాటి అంటాను. ఫ్లోరిడా, జార్జియా, అలబామా వైపు చెమ్మనేలల్లో, పెద్ద చెట్ల నీడన పెరిగే పొద. మాను చుట్టూ వేలెడు కంటే పొడవైన నల్లటి ముళ్ళు పైకి లేచి ఉంటాయి, మొవ్వుకి కాపలా కాస్తున్నట్టు. తాటి కుటుంబంలో చలికి దీన్ని మించింది లేదంటారు. చాలా నిదానంగా పెరుగుతుంది, అందుకే ఖరీదెక్కువ. అడవిలో తవ్వి తెచ్చి అమ్మేవాళ్ళ వల్ల చాలాచోట్ల తరిగిపోయింది కాబట్టి, నర్సరీలో గింజ నుంచి పెంచిందేనా అని అడిగి మరీ కొనాలి. ఈ మాట అమ్మకి గట్టిగా చెప్పండి.

ఇక విండ్‌మిల్ పామ్. 2021లో ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో చచ్చిపోయింది, అయినా నాకు దాని మీద మమకారం. మాను చుట్టూ గోనెసంచి చుట్టినట్టు గోధుమరంగు పీచు ఉంటుంది. చైనాలో ఆ పీచుతో తాళ్ళు పేనేవారు, వానకి కప్పుకునే గొంగళ్ళలాంటివి అల్లేవారు. మన పొలాల్లో నాట్లప్పుడు తాటాకు గిడుగులు కప్పుకున్నట్టే అన్నమాట. రాబర్ట్ ఫార్చ్యూన్ అనే ఆయన 1840ల్లో చైనాలో తిరిగి ఈ చెట్టుని ఇంగ్లండ్ పంపించాడు, శాస్త్రంలో దాని పేరు చివర ఫార్చ్యూనై అని ఉండేది ఆయన వల్లే. ఈస్టిండియా కంపెనీ కోసం చైనా నుంచి తేయాకు మొక్కలు హిమాలయాల వైపు చేరవేసింది కూడా ఆయనే. దీనికి మన దేశంలో ఒక అక్క ఉంది తెలుసా? ఉత్తరాఖండ్‌లో పితోర్‌గఢ్ దగ్గర థల్‌కేదార్ కొండల మీద, మంచు కురిసే చోట, ట్రాకీకార్పస్ తకిల్ అనే చెట్టు పెరుగుతుంది. హిమాలయాల్లో మంచు మీద తాటిలాంటి చెట్టు! ఎప్పటికైనా మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి చూపించాలని నాకు గట్టి కోరిక.

మీ పెరట్లో ఏది ఎక్కడో నేను ఇప్పటికే మనసులో గీసుకున్నాను. ఇంటి వెనక దక్షిణం చూసే ఇటుక గోడ ఉంది కదా, పగలంతా ఎండ మింగి రాత్రి వెచ్చదనం వదులుతుంది. ఉత్తరం నుంచి కొట్టే గాలి అక్కడికి రాదు. విండ్‌మిల్‌లు మూడు అక్కడ, చూరుకి ఆరేడు అడుగులు ఎడంగా, ఒకటి పొడుగు, ఒకటి మధ్యరకం, ఒకటి పొట్టి. ఒకే ఎత్తువి వరసగా పెడితే హోటల్ ముందు పెట్టినట్టుంటుంది, నాకు నచ్చదు. సూదితాటి కంచె మూలలో, బుజ్జి సైకిల్ తొక్కే దారికి దూరంగా. పాల్మెటోలు నీళ్ళు నిలిచే ఆ పల్లంలో, అవి తడికి భయపడవు. ముందు వాకిలి సంగతి తర్వాత, దానికి హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం వాళ్ళ అనుమతి కావాలి.

మట్టి గురించి. మెట్టినిల్లు నరసరావుపేట వైపు కాబట్టి నల్లరేగడి నాకు బాగా తెలుసు. ఎండాకాలం నెర్రెలిచ్చి అందులో కాలు ఇరుక్కునేది, వాన పడితే చెప్పుకి శేరు మట్టి అంటుకునేది. ఫ్రిస్కోలో ఇంటి చుట్టూ తవ్విన మట్టిని చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది, అచ్చం అదే! ఇక్కడివాళ్ళు వేసవిలో ఇంటి పునాదికి నీళ్ళు పెడతారే, అది కూడా ఈ మట్టి ఎండి ముడుచుకుని పునాది కదలకుండానే. ఇందులో గొయ్యి తవ్వి, సంచుల్లో అమ్మే మెత్తటి మట్టి నింపితే, వాన నీళ్ళు గిన్నెలో నిలిచినట్టు నిలిచి వేరు కుళ్ళిపోతుంది. కాబట్టి విండ్‌మిల్‌లకి జానెడు ఎత్తు దిబ్బ చేసి, తవ్విన మట్టే వాడి, కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టాలి. అంగుళం కూడా ఎక్కువ వద్దు. నాటడం మే నెలలో. ఈ చెట్లకి నేల వెచ్చబడితేనే వేరు కదులుతుంది. చలికాలం ముందు నాటితే వేరు పట్టకుండానే మంచులో పడతాయి.

ఎరువుకి 8-2-12 అని అంకెలుండే పామ్ ఎరువు తీసుకోండి, గడ్డి ఎరువు వీటి మొదట్లో వేయొద్దు. కింది ఆకులు పసుపెక్కాయని కోసేయకండి. పొటాషియం చాలనప్పుడు చెట్టు ఆ ముసలి ఆకుల్లోంచే లాగి లేతాకులకి పెట్టుకుంటుంది.

గట్టి చలి వస్తుందని టీవీలో చెప్పిన రోజు టెన్షన్ పడకండి. ముందురోజు మొదట్లో నీళ్ళు పెట్టండి, నెత్తిన మాత్రం పోయకండి. మొవ్వులో నీళ్ళు నిలిచి గడ్డకడితేనే అసలు ప్రమాదం. ఆకులన్నీ పైకి చేర్చి తాడుతో వదులుగా కట్టి, పాతకాలపు క్రిస్మస్ బల్బుల దండ చుట్టి, పైన బట్ట కప్పాలి. ఎల్‌ఈడీ దండ పనికిరాదు, దానికి వేడి ఉండదు. మా గరాజ్‌లో పాత దండలు రెండు దాచి ఉంచాను, మీకే. చలి తగ్గిన రోజు పొద్దున్నే బట్ట తీసేయాలి.

ఏప్రిల్ చివర్లో నేను, తాతయ్య గునపం తీసుకుని వస్తాం. ఈలోగా మీకు రెండు పనులు. పెరట్లో ఎండ ఎక్కడెక్కడ ఎంతసేపు పడుతోందో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూసి కాగితం మీద గీసి ఉంచండి. పెద్ద వాన పడ్డ మర్నాడు నీళ్ళు ఎక్కడ నిలిచాయో ఫోటో తీయండి.

నాతో ఒక కుండీ కూడా తెస్తున్నాను. 2021లో ఆకు చివరైనా మాడని ఆ పాల్మెటోకి తర్వాత కాసిన గింజలు, బఠాణీ అంత, నల్లగా నిగనిగలాడుతూ ఉంటే ఏరి నాటాను. అందులో ఒకటి మొలిచింది. ఇప్పటికి నాలుగు ఆకులు. మొదటి మూడూ గడ్డిపోచల్లా వచ్చాయి, నాలుగోది ఈమధ్యే విసనకర్రలా విచ్చుకుంటోంది. అది బుజ్జిది.

ప్రేమతో,
అమ్మమ్మ